సముద్రం మింగిన ఇంటికి ప్రభుత్వం పరిహారం ఇవ్వాలా? ఫ్రాన్స్‌లోని సూలాక్ ఊరి ఉదంతం

తీరవాసి

ఆరేళ్లుగా నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఉంటున్నాను. ఇక్కడికి ఉత్తరాన, మెదోక్ ద్వీపకల్పం కొసకు దగ్గర్లో సూలాక్-సుర్-మెర్ అనే ఊరుంది. పడమట అట్లాంటిక్ సముద్రం, తూర్పున జిరోంద్ నది ముఖద్వారం, నడుమ ఇసుక దిబ్బలు, పైన్ తోపులు. శాశ్వతంగా ఉండేవాళ్లు 3,000 లోపే. వేసవిలో మాత్రం ఊరు కిక్కిరిసిపోతుంది.

ఈ ఊరి ఒడ్డున 1960ల చివర్లో ‘ల సిన్యాల్’ అనే నాలుగంతస్తుల భవనం కట్టారు. 78 ఫ్లాట్లు. అప్పుడు సముద్రం దాదాపు 200 మీటర్ల దూరంలో ఉండేది. ఏడాదికి సగటున నాలుగు మీటర్ల చొప్పున ఒడ్డు తెగుతూ వచ్చింది. 2013-14 చలికాలంలో తుపానులు ఒకదాని వెంట ఒకటి విరుచుకుపడి మిగిలిన దిబ్బను కోసేశాయి. 2014 జనవరిలో అధికారులు అందరినీ ఖాళీ చేయించారు. ఆ తర్వాత భవనం తొమ్మిదేళ్లు కంచె వెనుక శిథిలమవుతూ నిలబడింది. 2023 ఫిబ్రవరిలో కూల్చేశారు.

అసలు గొడవ పరిహారం దగ్గర వచ్చింది. ఫ్రాన్స్‌లో 1995 నుంచి ‘బార్నియే నిధి’ అని ఒకటుంది. కొండచరియ విరిగిపడి, వరద ముంచెత్తి ప్రాణాలకు ముప్పు ఉన్న ఇళ్లను ప్రభుత్వం ఆ నిధితో కొంటుంది. సిన్యాల్ యజమానులు దాన్ని అడిగితే, మీ ఒడ్డు నెమ్మదిగా తెగింది, ముందే తెలిసిన విషయం, ఇది ఆ నిధి కిందికి రాదు అన్నారు. 2018 ఏప్రిల్‌లో, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే రాజ్యాంగ మండలి కూడా ఆ మాటే ఖాయం చేసింది. చివరికి పార్లమెంటు 2019 బడ్జెట్‌లో ప్రత్యేకంగా 70 లక్షల యూరోలు కేటాయించింది. ఫ్లాటు విలువలో 70 శాతం చేతికి వచ్చేలా 2020లో ఒప్పందం కుదిరింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇల్లు ఒక్క రాత్రిలో పోయినా, నలభై ఏళ్లలో పోయినా పోయిన ఇల్లు ఒకటే. సముద్రం వేగాన్ని బట్టి సాయం చేయాలా వద్దా అని తేల్చడం అన్యాయం. మీరేమంటారు?

లెక్కల మాస్టారు

తీరవాసి గారూ, నేను ఒప్పుకోను.

బార్నియే నిధికి డబ్బు ఎక్కడిది? ఫ్రాన్స్‌లో ఇంటి బీమా కట్టే ప్రతివాడూ ప్రకృతి విపత్తుల కోసం అదనపు రుసుము కడతాడు. 1982లో ఆ పద్ధతి పెట్టారు. చాలా ఏళ్లు 12 శాతం ఉండి, 2025 జనవరి నుంచి 20 శాతమైంది. సిన్యాల్ గొడవ నడిచిన రోజుల్లో ఆ నిధి మూలం ఆ రుసుమే. అంటే సముద్రం ముఖం చూడని ఓ కొండ పల్లె రైతు కూడా అందులో వాటా కట్టాడు. బీమా అనేది వస్తుందో రాదో తెలియని ఆపద కోసం. తప్పక వస్తుందని తెలిసినదానికి బీమా ఉండదు. ఒడ్డు ఏటా నాలుగు మీటర్లు జరుగుతోందని కళ్లెదుట కనిపిస్తూ ఉంటే, అక్కడ ఫ్లాటు కొనడం తెలిసి తీసుకున్న నిర్ణయం.

పైగా వాటిలో చాలామటుకు సెలవులు గడిపే ఇళ్లు, తలదాచుకునే ఒకే ఒక్క గూడు కాదు. కిటికీ తెరిస్తే సముద్రం కనిపించాలని కోరుకున్నారు, కనిపించింది. ఆ సముద్రమే గుమ్మం దాకా వచ్చినప్పుడు ఖర్చు అందరూ పంచుకోవాలనడం ఏ లెక్క? 78 ఫ్లాట్లకు 70 లక్షలు ఇచ్చారు సరే. రేపు తీరం పొడవునా వేల ఇళ్లవాళ్లు ఇదే చెప్పి చేయి చాస్తే ఖజానా తట్టుకుంటుందా?

తీరవాసి

మాస్టారూ, మీ వాదనలో బలముంది. రెండు చోట్ల మాత్రం నిలవదు.

మొదటిది, 2010 ఫిబ్రవరి 28 రాత్రి జింథియా తుపాను. సూలాక్‌కు ఉత్తరాన, అదే తీరంలో లా ఫోత్-సుర్-మెర్ అనే ఊళ్లో సముద్రం గట్టు దాటి వచ్చి 29 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ప్రభుత్వం అక్కడ వందల ఇళ్లు కొని నేలమట్టం చేసింది. సరైన పని చేసింది. ఆ ఊరు కూడా సెలవు ఇళ్ల ఊరే. అవీ సముద్రానికి దగ్గరగా, పల్లపు నేలలో కట్టినవే. అక్కడ ‘రెండో ఇల్లు కదా’ అని ఎవరినీ వెనక్కి పంపలేదు. మరి సూలాక్‌లో ఆ మాట ఎందుకు తీయాలి? తేడా ఒక్కటే. అక్కడ నీళ్లు ఒక్క రాత్రిలో వచ్చాయి, ఇక్కడ 45 ఏళ్లు పట్టింది.

రెండోది, ఆ భవనానికి అనుమతి ఇచ్చింది ఎవరు? అధికారులే. ఆ రోజుల్లో ఫ్రాన్స్ తన తీరాలను విహార కేంద్రాలుగా మార్చాలని ఉవ్విళ్లూరుతోంది. సంతకం పెట్టారు, ఏటా ఆస్తి పన్ను వసూలు చేశారు. కొన్నవాళ్లలో జీవితాంతం కూడబెట్టింది అందులో పెట్టిన పింఛనుదారులున్నారు. ‘మీకు తెలియదా’ అని వాళ్లను అడిగే ముందు, ‘మీకు తెలియదా’ అని అనుమతి ఇచ్చిన వారిని అడగాలి.

సరుగుడు తోట

ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పినవాణ్ని, ఆ నేల గురించి కొంచెం చెప్పనివ్వండి. అది తెలియకపోతే ఈ గొడవ సగమే అర్థమవుతుంది.

సూలాక్ ఇలా ఓడిపోవడం ఇది మొదటిసారి కాదు. ఆ ఊళ్లో ‘భూమి అంచున ఉన్న మాత’ పేరుతో ఒక చర్చి ఉంది. ఎక్కువ భాగం 12వ శతాబ్దపు కట్టడం. సముద్రం మీద వచ్చి స్పెయిన్‌లోని సంత్ యాగో పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లే యాత్రికులు అక్కడ ఆగేవారు. దానికి ముప్పు నీళ్ల నుంచి రాలేదు, ఇసుక నుంచి వచ్చింది. పడమటి గాలికి దిబ్బలు ఊరి మీదికి నడిచి వచ్చాయి. జనం ఏళ్ల తరబడి ఎత్తిపోశారు. ఇక లాభం లేదని 1744లో చర్చిని వదిలేసి, లోపలికి జరిగి కొత్త సూలాక్ కట్టుకున్నారు. పాత ఊరు మునిగిపోయింది, ఇసుక పైన గంట గోపురం మాత్రం కనిపించేది. 1859 నుంచి తవ్వి చర్చిని బయటికి తీశారు. 1998లో యాత్రా మార్గాలతో పాటు అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఆ తర్వాత దిబ్బల నడక ఎలా ఆగింది? 18వ శతాబ్దం చివర్లో బ్రెమోంతియే అనే ఇంజనీరు దిబ్బల మీద పైన్ విత్తనాలు చల్లించి ఇసుకను కట్టేసే పని పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. మన కోస్తాలో సరుగుడు తోటలు వేసిందీ ఇందుకే. వేళ్లు ఇసుకను పట్టుకుంటాయి, కొమ్మలు గాలిని విరుస్తాయి.

కానీ చెట్లు ఆపేది గాలి మోసే ఇసుకను. అలలు మోసే ఇసుకను ఏ చెట్టూ ఆపలేదు. ఒడ్డున ఇసుక ఎప్పుడూ ప్రవాహంతో పాటు పక్కకు జరుగుతూనే ఉంటుంది. ఎగువ నుంచి వచ్చేది, దిగువకు పోయేది సమానమైతే ఒడ్డు నిలుస్తుంది. పోయేది ఎక్కువైతే తెగుతుంది. ఆ కొసన జిరోంద్ ముఖద్వారంలోని ఇసుక మేటలు కూడా చోటు మారుతుంటాయి. అవి జరిగినప్పుడల్లా అలల దెబ్బ వేరే చోట పడుతుంది. ఊరి నడిబొడ్డు ముందు రాళ్ల గోడ కట్టి, సముద్రంలోకి అడ్డుకట్టలు వేశారు. అక్కడ ఇసుక నిలిచింది. అలా నిలిపిన ప్రతి పిడికెడూ పక్క బీచ్‌కు చేరాల్సినదే.

ఒక్క ముక్క ఇష్టంతో చెబుతున్నాను. ఊరికి దక్షిణాన లామెలీ తీరంలో సుమారు రెండు వేల ఏళ్ల నాటి అడవి పంది విగ్రహం దొరికింది. పూర్వం ఫ్రాన్స్‌లో ఉన్న గాల్ జాతి యోధులు కర్రకు తగిలించి యుద్ధానికి మోసుకెళ్లే ఇత్తడి రేకు పతాకం అది. ఇప్పుడు అలలు విరిగే చోట ఒకనాడు మనుషులు కాపురం చేశారన్నమాట.

నా ప్రశ్న ఇది. ఇంతకాలంగా ఒడ్డు కదులుతున్న ఊళ్లో, కదలని భవనానికి అనుమతి ఇవ్వడమే తప్పు కాదా? పరిహారం తర్వాతి మాట.

ఉప్పాడ ఆడపడుచు

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది ఉప్పాడ పక్క పల్లె.

సిన్యాల్ యజమానులకు 70 శాతం వచ్చిందని చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా పెదనాన్నగారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు వలలు వేస్తారు. మొదట పెరటి కొబ్బరి చెట్లు వాలాయి. తర్వాత బావి ఉప్పెక్కింది. ఆపై ఒక ఆషాఢంలో వంటగది గోడ కూలింది. మిగిలిన తలుపులు, దూలాలు ఊడదీసుకుని వెనక్కి జరిగి పాక వేసుకున్నారు. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డు తెగినప్పుడల్లా పత్రికల్లో ఫొటోలు వస్తాయి. రోడ్డుకు రాళ్లు పోస్తారు. ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులతో గోడ కూడా కట్టారు, దాన్నీ అలలు చీల్చేశాయి. ఇల్లు పోయినవాళ్లకు మాత్రం ‘తుపాను రాలేదు కదమ్మా’ అనే జవాబు. అచ్చం ఫ్రాన్స్‌లో చెప్పిన మాటే. అక్కడి పెద్దలు, ఇక్కడి గుమాస్తా ఒకే మాట అంటారని నాకు ఈ రోజే తెలిసింది.

మాస్టారూ, సముద్రం కనిపించాలని మేం అక్కడ ఇల్లు కట్టుకోలేదు. పడవ కనిపించాలని కట్టుకున్నాం. తెల్లవారుజామున పడవ దింపేవాడు ఊరికి ఐదు కిలోమీటర్ల లోపల కాపురం ఉండలేడు.

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విహారానికి కట్టుకున్న ఇంటినీ, బతుకుతెరువుకు కట్టుకున్న ఇంటినీ ఒకే తక్కెడలో తూచాను. అది నా పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను. లా ఫోత్ గురించి తీరవాసి గారు చెప్పినదానికీ నా దగ్గర సరైన సమాధానం లేదు.

అయినా పూర్తిగా మారలేదు. జరిగిపోయినదానికి పరిహారం ఇచ్చుకుంటూ పోతే కొత్త ఇళ్లు ఒడ్డునే లేస్తాయి. సరుగుడు తోట గారు చెప్పినట్టు ముందు అనుమతి దగ్గర పట్టు బిగించాలి. ఫ్రాన్స్ ఆ దారే పట్టింది. 2021 ఆగస్టులో చేసిన వాతావరణ చట్టం ప్రకారం, జాబితాలో చేరిన తీరప్రాంత ఊళ్లు 30 ఏళ్లలో ఎంత నేల పోతుందో, 100 ఏళ్లలో ఎంత పోతుందో పటం గీయాలి. మొదటి పరిధిలో కొత్త ఇళ్లకు దాదాపుగా తలుపు మూసినట్టే. రెండో పరిధిలో కట్టుకోవచ్చు, కానీ సమయం వచ్చినప్పుడు కూల్చడానికి అయ్యే సొమ్ము ముందే డిపాజిట్ చేయాలి.

2022లో కొత్త రకం కౌలు కూడా తెచ్చారు. నేల ప్రభుత్వ సంస్థదే. 12 నుంచి 99 ఏళ్ల వరకు వాడుకునే హక్కు ఇస్తారు. సముద్రం దగ్గరికి వస్తే గడువుకు ముందే కౌలు ముగుస్తుంది. ఇది నాకు నచ్చింది. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ మొదటి రోజే నిజం తెలుస్తుంది.

తీరవాసి

కౌలు కొత్తగా వచ్చేవారికి బాగుంటుంది. ఇప్పటికే అక్కడ ఉన్నవారి మాటేమిటి? చట్టం ఆ లెక్క తేల్చలేదు. సిన్యాల్‌కు ఇచ్చినది ఒక్క భవనానికి, ఒక్క బడ్జెట్‌లో ఇచ్చినది. పక్క భవనం రేపు మళ్లీ మొదటి నుంచి కోర్టు మెట్లెక్కాలి. నేను ప్రత్యేక కేటాయింపు అడగడం లేదు, నియమం అడుగుతున్నాను.

ఉప్పాడ ఆడపడుచు గారికి ఒక విషయం. మన దేశంలో 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తొలిసారి ఈ దిశగా డబ్బు చూపించింది. తీరాలు, నదుల కోత వల్ల నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు, కోతను అరికట్టే పనులకు 1,500 కోట్లు. దేశమంతటికీ అది చాలదు. కానీ ‘తుపాను రాలేదు కదా’ అన్న మాటకు ఇప్పుడు కాగితం మీద జవాబు ఉంది. నెమ్మదిగా తెగినా నిర్వాసితులే అని దాని అర్థం. తీసుకెళ్లి చూపించండి.

గత నెలలో సూలాక్ చర్చికి మళ్లీ వెళ్లాను. వీధిలోంచి మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. స్తంభాలు పొట్టిగా, బరువు మోయలేక కుంగినట్టు కనిపిస్తాయి. కారణం తర్వాత తెలిసింది. తవ్వినప్పుడు పాత నేల దాకా వెళ్లలేదు. దాదాపు మూడు మీటర్లు ఇంకా కిందే ఉంది. తల ఎత్తితే బైబిల్ కథలోని సింహాల నడుమ దానియేలు శిల్పం మామూలు చర్చిలో కన్నా చాలా దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి నుంచి నడుచుకుంటూ సిన్యాల్ ఉన్న చోటికి వెళ్లాను. అక్కడ ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేదు.

ఉప్పాడ ఆడపడుచు

అన్నా, ఆ ఆర్థిక సంఘం సంగతి నాకు తెలియదు. పునరావాసం గురించి ఏ పేజీలో ఉందో చెబితే ముద్రించుకుంటాను.

పెదనాన్నగారి దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. ఇల్లు కూలిన రోజు ముందుగా బయటికి తెచ్చింది దాన్నేనట. అందులో ఆ ఇంటికి కట్టిన పన్ను రసీదులు ఏ ఏడాదివి ఆ ఏడాది దారం వేసి కట్టి ఉన్నాయి. ఇల్లు లేదు, స్థలం లేదు, రసీదులున్నాయి. ఆదివారం వెళ్లి ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను. దరఖాస్తుకు అవి పనికొస్తాయో లేదో మాస్టారు గారు చూసి చెప్పాలి.