గే ప్రేమకథల్లో దెయ్యాలు, డిటెక్టివ్‌లు, అంతరిక్ష నౌకలు: చిన్న కథకి బలమా, తప్పించుకునే దారా?

చివరి_బెంచీ (చర్చ మొదలు)

మొన్న ఇక్కడ ఒకరు రాశారు: ఇద్దరు మగవాళ్ళ ప్రేమ గురించి కథ రాయాలంటే ఇల్లు, పెళ్ళిచూపులు, అమ్మ ఏడుపు ఇవే రాయాలట. హత్య కేసులు, పాడుబడ్డ బంగళాలు, వేరే గ్రహాలు పెట్టి రాసేవన్నీ కాలక్షేపం సరుకట. నేను ఒప్పుకోను. చాలామంది ఇదే అనుకుంటున్నారు కాబట్టి విడిగా చర్చ పెడుతున్నాను.

నేను ఎక్కువగా చదివేవి చిన్న కథలే. అమెరికా సైన్స్ ఫిక్షన్ అవార్డుల లెక్క ప్రకారం 7,500 పదాల లోపు ఉంటేనే అది చిన్న కథ. అంత చోటులో ఇద్దరు కలవాలి, నమ్మకం కుదరాలి, అడ్డు రావాలి, అది ఎలాగో తీరాలి. వాస్తవిక కథల్లో ఆ చోటంతా తరచుగా ఒకే పనికి ఖర్చయిపోతుంది. వీళ్ళూ మనుషులేనని పాఠకుణ్ణి ఒప్పించడానికి. ప్రేమ మొదలయ్యేసరికి కథ అయిపోతుంది. అదే ఊళ్ళో ఒక శవం దొరికిందనుకోండి. ఇద్దరికీ వెంటనే చేయాల్సిన పని ఒకటుంటుంది. ఆ పనిలో ఒకడు ఇంకొకణ్ణి గమనిస్తాడు. తమ ప్రేమకి సంజాయిషీ చెప్పుకునే తీరిక ఎవరికీ ఉండదు. నాకు కావలసింది అదే.

అమెరికా రచయిత థియోడర్ స్టర్జన్ 1953లో ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాశాడు. వేరే గ్రహం నుంచి ఒక జంట భూమికి పారిపోయి వస్తుంది. వాళ్ళ ప్రేమ చూసి భూమి అంతా మురిసిపోతుంది. తర్వాత ఆ గ్రహం వాళ్ళని వెనక్కి పంపమంటుంది. తీసుకెళ్ళే నౌకలో ఇద్దరే సిబ్బంది. ఆ జంటలో ఇద్దరిదీ ఒకే లింగమని చివర్లో తెలుస్తుంది. వాళ్ళని తప్పించిన సిబ్బందివాడు తన కెప్టెన్‌ని ఎన్నాళ్ళుగానో లోలోపల ప్రేమిస్తున్నాడు. అలాంటి ప్రేమ నేరంగా ఉన్న అమెరికాలో, పత్రికలో అచ్చయిన కథ ఇది. ఇంట్లో, వీధిలో జరిగే కథగా రాస్తే ఎవరు వేసేవారు?

కృష్ణా_కాలువ

ఆ మాట అన్నది నేనే. గౌరవంగానే జవాబిస్తాను. మీ ఉదాహరణే నా వాదన. ఆ సిబ్బందివాడు చివరికి కెప్టెన్‌కి ఒక్క మాటైనా చెప్పాడా? లేదు. ప్రేమించే స్వేచ్ఛ వేరే గ్రహం వాళ్ళకి, మనిషికి మౌనం. మారువేషం వేసుకుంటేనే లోపలికి రానిస్తామనే పద్ధతి అది. 1953లో తప్పలేదు, సరే. ఇప్పుడెందుకు?

పక్క భాష చూడండి. కన్నడంలో వసుధేంద్ర కథల పుస్తకం 'మోహనస్వామి' 2013లో వచ్చింది. అందులో దెయ్యాల్లేవు. ఆఫీసు, అద్దె ఇల్లు, వంట, వదిలేసి పెళ్ళి చేసుకునే స్నేహితుడు. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసే 377 సెక్షన్‌ని మళ్ళీ నిలబెట్టింది. అలాంటి సమయంలో ఆ కథలు చదివి ఎంతమంది తమని తాము చూసుకుని ఉంటారో! ఆ పని రాకెట్టు చేయగలదా? మన భాషలో ముందు అలాంటివి పదో ఇరవయ్యో రావాలి. తర్వాత మీ డిటెక్టివ్‌లు రానివ్వండి.

చివరి_బెంచీ

వరస ఎందుకండీ? ఆడామగా ప్రేమలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు వాస్తవిక నవలలన్నీ పూర్తయ్యేదాకా ఆగలేదు కదా. మన అమ్మానాన్నలు వీక్లీలో చేతబడి సీరియల్, కుటుంబ కథ ఒకే వారం చదివారు. గే పాఠకుడు మాత్రం ముందు ఏడవాలి, తర్వాత ఆనందించాలి అంటే ఎలా? ఇరవై రెండేళ్ళ కుర్రాడు రోజంతా ఆ టెన్షన్ ఇంట్లో మోసి, రాత్రి ఫోన్‌లో మళ్ళీ అదే చదవాలా?

మౌనం గురించి మీరన్నది నిజమే. ఆ కథలో మనిషికి దక్కలేదు. కానీ ఆ జంట ప్రాణాలతో బయటపడింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1952లో అమెరికాలో ఇద్దరమ్మాయిల ప్రేమ మీద ఒక చవక పేపర్‌బ్యాక్ వచ్చింది. ముగింపు సుఖంగా ఉంటే పోస్టులో పట్టుకుంటారని ప్రచురణ సంస్థ ఎడిటరే విషాదాంతం పెట్టించాడు. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫోర్‌స్టర్ 1913-14లో రాసిన గే ప్రేమ నవల ఆయన పోయాక 1971లో గాని అచ్చవలేదు. కుర్రవాడు ఉరికి వేలాడుతూ కథ ముగిసి ఉంటే అచ్చుకి ఏ ఇబ్బందీ ఉండేది కాదని ఆయనే దాని చివర రాసుకున్నాడు. అయినా సుఖాంతం వదల్లేదు. అందుకే ఇద్దరూ బతికి ఉండే ముగింపుని నేను తేలిగ్గా తీసుకోను.

హనుమకొండ_పాఠకురాలు

నేను బీఎల్ (బాయ్స్ లవ్, అంటే అబ్బాయిల ప్రేమకథలు) నుంచి వచ్చిన పాఠకురాలిని. జపాన్‌లో 1970లలో అమ్మాయిల మాంగా (బొమ్మల కథల) పత్రికల్లో, మహిళలే, యూరప్ బోర్డింగ్ స్కూళ్ళలో అబ్బాయిల ప్రేమకథలు గీశారు. ఆడపిల్ల తన చుట్టూ ఉన్న కట్టుబాట్లు లేని చోట ప్రేమని చూడాలనుకుంది, దూరదేశం అందుకు పనికొచ్చింది. నాకూ అలాగే పనికొచ్చింది.

కానీ ఒక అసంతృప్తి చెప్పాలి. ఈ చిన్న కథల్లో చాలావాటిలో రెండో పేజీలో చూపు కలుస్తుంది, నాలుగో పేజీలో మంచం. తోడేలు-మనిషి కథైతే మరీ: వాసన చూడగానే వీడే నా జత అంటాడు. రచయిత కష్టపడాల్సిన చోట విధి వచ్చి పని చేసిపెడుతుంది. జానర్ అక్కడ బలం కాదు, బద్ధకం. చెడ్డ వాస్తవిక కథ కనీసం ఒక వీధినైనా చూపిస్తుంది.

చివరి_బెంచీ

ఇది ఒప్పుకోవాల్సిందే. నాకూ విధి రాసిన జతలు నచ్చవు. మంచి చిన్న కథలో జానర్ తెచ్చిన ఇబ్బందే ప్రేమని పరీక్షించాలి. చారిత్రక కథలే చూడండి. ఇంగ్లండ్‌లో 1835 దాకా మగవాళ్ళ మధ్య సంబంధానికి ఉరి తీశారు. 1885లో తెచ్చిన చట్టం బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ళకి అంత అనువుగా ఉండబట్టే దాన్ని బ్లాక్‌మెయిలర్ల హక్కుపత్రం అన్నారు. 1967 దాకా ఆ భయం ఉంది. అలాంటి కాలంలో ఒకడు ఇంకొకడికి చేతిరాత ఉత్తరం ఇవ్వడమంటే తన ప్రాణం అతని చేతిలో పెట్టడం. 'నిన్ను నమ్ముతున్నాను' అని విడిగా రాయక్కర్లేదు. ఉత్తరం పోతే అది డిటెక్టివ్ కథ, దొరికితే ప్రేమకథ. నాలుగు వేల పదాల్లో రెండూ ఇముడుతాయి.

నల్లకోటు

వకీలుగా ఒక మాట. మన దగ్గర 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు మేజర్లు ఇష్టపడితే నేరం కాదంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త శిక్షాస్మృతిలో 377 అసలు లేదు. అయినా డేటింగ్ యాప్‌లో పిలిపించి, వీడియో తీసి, డబ్బు గుంజడం ఆగలేదు. ఎందుకంటే బెదిరింపు ఎప్పుడూ పోలీసుల పేరుతో ఒక్కటే కాదు. "మీ నాన్నకి పంపిస్తా" అంటే చాలు. బాధితుడు ఫిర్యాదు ఇవ్వడానికే భయపడతాడు.

కృష్ణా_కాలువ గారు కుటుంబం కావాలంటున్నారు, చివరి_బెంచీ గారు క్రైమ్ కథ కావాలంటున్నారు. ఈ నేరంలో రెండూ ఒకటే. ఆ కుర్రాడికి తోడుగా స్టేషన్ మెట్లెక్కేవాడే ప్రేమికుడైతే, ఆ కథ మన ఊళ్ళోదే.

నైట్‌డ్యూటీ

బాగా చెప్పారు సార్. నాకు ఎప్పటినుంచో ఉన్న డౌట్ ముగింపు గురించి. మన కథల్లో శుభం అంటే పెళ్ళి. పెళ్ళి హక్కు కోసం కోర్టుకెళ్ళిన సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ వాళ్ళే. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. మరి తెలుగు గే ప్రేమకథ సుఖాంతం ఎక్కడ ఆపాలి? అమెరికాకి పంపించేయడం నాకు ఇష్టం లేదు.

చివరి_బెంచీ

చాలాచోట్ల ఆపొచ్చు బ్రో. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ, ఇలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని స్పష్టం చేసింది. బ్యాంకు ఫారంలో 'సంబంధం' అన్న గడి దగ్గర ఇద్దరూ ఏం రాయాలో మాట్లాడుకునే సీను నాకు పెళ్ళిపీటల కన్నా ఎక్కువ ప్రేమగా ఉంటుంది. రొమాన్స్ రాసేవాళ్ళు కూడా కలకాలం కలిసుండటం ఒక ముగింపు అంటారు, ప్రస్తుతానికి కలిసుండటం ఇంకో ముగింపు అంటారు. చిన్న కథకి రెండోది చాలు.

కృష్ణా_కాలువ

నల్లకోటు గారి మాట నన్ను కదిలించింది. కానీ సుఖాంతం మీద ఇంత పట్టుదల వద్దు. ఆనీ ప్రూ 1997లో రాసిన ఇద్దరు పశువుల కాపరుల కథ ఉంది కదా, సినిమాగా కూడా వచ్చింది. అదీ చిన్న కథే, కౌబాయ్ జానర్‌లోదే. దాన్ని సుఖాంతంగా తిరగరాసి ఆమెకే పంపేవాళ్ళు ఎక్కువైపోయి, అసలు ఆ కథ రాయకపోయినా బాగుండేదని 2009లో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. తన కథ ఆ ఇద్దరి గురించి మాత్రమే కాదు, వాళ్ళని అలా చేసిన ఊరి ద్వేషం గురించి అని ఆవిడ బాధ. పాఠకుడికి ఊరట కావాలని కథ అడిగిన ప్రశ్నని తీసేస్తే ఎలా?

చివరి_బెంచీ

ఆ కథని ముట్టుకోవద్దనే నేనూ అంటాను. అది గొప్ప కథ. నేనడిగేది అదొక్కటే గొప్ప అనొద్దని. తిరగరాసి పంపినవాళ్ళు ఆమెని నొప్పించారు, అది తప్పు. కానీ వాళ్ళు ఎంత ఆకలితో ఉన్నారో కూడా అందులో కనిపిస్తుంది. వాళ్ళకి వేరే కథలు సరిపడా దొరికి ఉంటే ఆమె తలుపు కొట్టేవాళ్ళు కాదు.

కృష్ణా_కాలువ

సరే, ఒక షరతు మీద చదువుతాను. దెయ్యం కథైనా, హత్య కేసైనా అందులో అమ్మ ఉండాలి. ఏడవడానికి మాత్రమే కాదు, తన మనసులో ఉన్నది మాట్లాడాలి. ఇద్దరిలో ఒకడైనా అద్దె కట్టే కష్టం తెలిసినవాడై ఉండాలి. కులం లేనట్టు నటించకూడదు. తెలుగులో అలాంటి చిన్న కథ ఎవరికైనా కనపడితే లింక్ పెట్టండి. లేకపోతే హనుమకొండ_పాఠకురాలు గారూ, మీరు రాయండి. మొదట చదివేది నేనే.

హనుమకొండ_పాఠకురాలు

పాడుబడ్డ దొరల గడిలో జరిగేది ఒకటి సగం రాసి ఉంది. అమ్మ ఉంది. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, మొహమాటం లేకుండా తప్పులు చెప్పాలి.