వీడియో చూసి వైర్లు కలపడం కాకుండా పిల్లలు సొంతంగా సర్క్యూట్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

హైస్కూల్_సైన్స్: జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. మాకు అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసేందుకు ప్రభుత్వ పథకం కింద పెట్టిన ల్యాబ్) ఉంది, సామాన్లకు కొదవ లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఆర్డునో బోర్డు (ప్రోగ్రామ్ రాసి లైట్లు, సెన్సర్లు నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) ఇస్తే వీడియోలో చూపించినట్టే వైర్లు గుచ్చుతారు, ఎల్‌ఈడీ వెలుగుతుంది, చప్పట్లు కొడతారు, అంతే. ఈ రెసిస్టర్ (కరెంటుని తగ్గించే భాగం) ఎందుకు పెట్టావురా అంటే "వీడియోలో ఉంది సార్" అంటాడు. క్లాసులో 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు. నాకు నిజంగా బాధగా ఉంది, ఎవరైనా దారి చెప్పండి.

లీసెస్టర్_నుంచి: సార్, నేను ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూల్లో డిజైన్ అండ్ టెక్నాలజీ చెప్తాను. ఇక్కడ 1990 నుంచి అది నేషనల్ కరికులంలో ఉన్న సబ్జెక్టు. మేం ముందు సర్క్యూట్ చూపించం. మీ ఇంట్లో చీకటంటే భయపడే చిన్నపిల్లలున్నారా, వాళ్ల కోసం దీపం చేయండి అంటాం. పన్నెండేళ్ల పిల్లలు బొమ్మ గీసి, అట్టతో నమూనా చేసి, తమ్ముడికో చెల్లికో చూపించి వస్తారు. చీకటి పడితే దానంతటదే వెలగాలి అని వాళ్లే అడుగుతారు, ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి కరెంటుని ఎక్కువో తక్కువో పోనిచ్చే భాగం) గురించి అప్పుడు చెప్తాను. 2016లో ఇక్కడి స్కూళ్లకి మైక్రోబిట్ (పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) బోర్డులు పంచారు, మంచివే, కానీ నేను మొదటి నెల వాటిని బయటికి తీయను, ఎందుకంటే కరెంటు ఎటు పోతోందో బోర్డులో కనబడదు.

రాగిటేపు_టీచర్: నేను సంక్రాంతికి ముందు గ్రీటింగ్ కార్డులు చేయిస్తాను. రాగి టేపు, 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, ఎల్‌ఈడీలు చాలు. మూల దగ్గర టేపు కత్తిరించి అతికించకుండా మడిచి తిప్పమనండి, కొన్ని టేపుల జిగురులోంచి కరెంటు పోదు. పోయినసారి ఒకమ్మాయి భోగిమంటకి ఎర్రదీ, చంద్రుడికి తెల్లదీ ఒకే బ్యాటరీకి పక్కపక్కనే కలిపింది. ఎర్రది వెలిగింది, తెల్లది వెలగలేదు. తెల్లది పాడైందని మూడు మార్చింది! ఎర్రది తీసేయగానే తెల్లది వెలిగింది. ఎర్రదానికి సుమారు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 దాకా కావాలి, ఎర్రది బ్యాటరీ వోల్టేజిని కిందికి లాగేసింది. ఆ రోజు క్లాసంతా ఆ కార్డు చుట్టూనే ఉంది, బెల్ కొట్టినా కదల్లేదు. ఒక్క జాగ్రత్త, బిళ్ల బ్యాటరీలు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. చిన్నపిల్లలు మింగితే గొంతు లోపల కాలిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది.

రిపేర్_షాపు: నేను టీచర్ని కాదు, ముప్పై ఏళ్లుగా రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నా. తొమ్మిదో తరగతి వాళ్లతో వాటర్ ట్యాంక్ నిండితే మోగే అలారం చేయించండి. ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే మూడు కాళ్ల భాగం), 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, బజర్, 9 వోల్టుల బ్యాటరీ. నీళ్లు రెండు తీగల్నీ ముట్టుకుంటే ట్రాన్సిస్టర్ బేస్ అనే కాలికి కాస్త కరెంటు చేరి బజర్ మోగుతుంది. నీళ్లలో వట్టి రాగి తీగ వదిలితే పాజిటివ్ వైపు తీగ కొన్నాళ్లకి తినేసినట్టు అరిగిపోతుంది, తీగల చివర పాత స్టీలు చెంచాలు కట్టండి. మోగకపోతే మీరు వెళ్లి సరిచేయొద్దు, మల్టీమీటర్ (వోల్టేజి, కరెంటు కొలిచే మీటరు) పిల్లల చేతికివ్వండి. నేను పని నేర్చుకున్నది అలాగే. గోడ ప్లగ్గు జోలికి, పాత ఛార్జర్ల జోలికి మాత్రం పోనివ్వకండి.

హైస్కూల్_సైన్స్: అందరికీ చాలా థాంక్స్. సోమవారం ఎరుపు, తెలుపు ఎల్‌ఈడీలతోనే మొదలుపెడతాను, కారణం ముందే చెప్పను. మేడమ్, 42 మందికి కార్డులంటే ఎంతమందికి ఒక జట్టు చేస్తున్నారు?

రాగిటేపు_టీచర్: ఇద్దరేసి సార్. ముగ్గురైతే ఒకరు చూస్తూ కూర్చుంటారు.