శనివారం ప్రోగ్రామ్: మిగిలిన పనులు

కార్యదర్శి (గురువారం రాత్రి 8:40): ఎల్లుండే ప్రోగ్రామ్. మిగిలినవి: 1. బ్యానర్ 2. కుర్చీలు 3. రిజిస్ట్రేషన్ టేబుల్ 4. పిల్లల ఐటమ్స్ వరుస. ఎవరిది ఎంతవరకు వచ్చిందో రాయండి. సౌండ్ హాల్ వాళ్లదే కాబట్టి ఆ టెన్షన్ లేదు.

స్టేజీ: ఉందండీ. హాల్ మేనేజర్ ఇప్పుడే మెయిల్ పెట్టారు. వాళ్ల టెక్నీషియన్ లేకుండా స్పీకర్లు, ఆంప్‌లు (ఆంప్లిఫయర్లు) ముట్టుకోకూడదట. ఆయనేమో శనివారం రాడట. కరెంటు పాయింట్లు వాడుకోవచ్చట, అదే మహాభాగ్యం.

కోశాధికారి: అద్దెకు తెద్దామంటారేమో, ఖాతాలో డబ్బుల్లేవు. ముందే చెప్తున్నా.

డాన్స్: స్టోరేజ్‌లో మనవి ఉన్నాయి కదా? పవర్డ్ స్పీకర్లు రెండు, మామూలువి నాలుగు, ఒక ఆంప్, మైకులూ పాటలూ కలిపే మిక్సర్. అన్నీ ఆంప్‌కి తగిలించేస్తే పోదా?

సౌండ్: వద్దు వదినా. పవర్డ్ స్పీకర్ లోపలే ఆంప్ ఉంటుంది. దానికి మిక్సర్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్ (ఆంప్‌లో పెంచని చిన్న సిగ్నల్) చాలు. ఆంప్ అవుట్‌పుట్ తెచ్చి దాని ఇన్‌పుట్‌లో పెడితే సర్క్యూట్ మాడిపోతుంది. మామూలువి ఒక్కోటి 8 ఓమ్‌లు, అంటే కరెంటుని అడ్డుకునే కొలత; అది ఎంత తగ్గితే ఆంప్ మీద అంత భారం. ఒక ఛానల్‌కి రెండు ప్యారలల్‌గా పెడితే 4, నాలుగూ పెడితే 2. మన ఆంప్ వెనక ఛానల్‌కి కనీసం 4 ఓమ్‌లు అని రాసుంది. అంతకన్నా తగ్గితే వేడెక్కి ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది, అదీ సరిగ్గా పాట మధ్యలో.

స్టేజీ: అయితే రెండే పెట్టి బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే ఆంప్ రెండు ఛానళ్లూ ఒకటిగా కలిపి, వేద్దాం అన్నా, హాలు దద్దరిల్లుతుంది.

సౌండ్: బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానల్ మీద సగం ఓమ్‌ల లోడే పడుతుంది. రెండు స్పీకర్లు కలిపి 4 కదా, ఛానల్‌కి 2 అయిపోతుంది. ఆ స్విచ్ జోలికి ఎవరూ పోవద్దు.

స్టేజీ: ఏం చెప్పినా వద్దే. ప్రతిసారీ ఇదే తంతు. అన్నీ నువ్వే చూసుకో, నేను కుర్చీలు సర్దుకుంటా.

కోశాధికారి: ఆంప్ కాలిపోతే కొత్తది ఎవరి జేబులోంచి? ముందు అది తేల్చండి.

కార్యదర్శి: మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోండి. ఇక్కడ కాదు, దయచేసి.

స్టేజీ (10:25): మాట్లాడాం. ఇలా అనుకున్నాం. మిక్సర్ మెయిన్ ఎడమ, కుడి అవుట్‌ల నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లతో (మైకులకి వాడే మూడు పిన్నులవి) నేరుగా పవర్డ్ స్పీకర్లకి, అవి జనం వైపు. మిక్సర్‌లోనే ఉన్న ఇంకో విడి అవుట్, ఆక్స్ 1 నుంచి ఆంప్‌కి. అక్కణ్నుంచి ఛానల్‌కి ఒకటి చొప్పున రెండు మామూలువి, పాడేవాళ్ల ముందు మానిటర్లుగా, వాళ్లకి వినబడటానికి. మిగతా రెండూ స్టోరేజ్‌లోనే ఉంటాయి.

సౌండ్: అంతే తమ్ముడూ. ఆక్స్ 1 ప్రీ ఫేడర్‌లో (వాల్యూమ్ స్లైడర్‌కి ముందే సిగ్నల్ తీసుకునేలా) ఉండాలి, లేదంటే హాల్లో తగ్గించినప్పుడల్లా పాడేవాళ్లకీ తగ్గిపోతుంది. ఇంకోటి, ఆంప్ నుంచి మానిటర్‌కి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ జాక్ అచ్చం అలాగే ఉంటుంది గానీ లోపల తీగ సన్నం, ఆ కరెంటుకి ఆగదు. స్పీకర్ కేబుళ్లకి రెండు చివర్లా ఎర్ర టేపు చుడుతున్నా.

డాన్స్: పాటలు లాప్‌టాప్‌లో ఉన్నాయి. పోయినసారిలా గుయ్‌మని హమ్ వస్తే పిల్లలు బెదిరిపోతారు.

సౌండ్: డీఐ బాక్స్ తెస్తా, లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టేది. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్‌లో ఎర్త్ లింకు తెంపే స్విచ్) నొక్కితే హమ్ చాలాసార్లు పోతుంది. పోకపోయినా ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం పీకకండి, ప్రాణాలమీదికొస్తుంది. ఆన్ చేసేటప్పుడు ఆంప్, పవర్డ్ స్పీకర్లు ఆఖర్న. ఆపేటప్పుడు అవే ముందు. లేకపోతే స్పీకర్లలో ధబ్‌మంటుంది.

కోశాధికారి: స్టోరేజ్ తాళం నా దగ్గరే ఉంది. రేపు ఆరింటికి వ్యాన్ తెస్తా. ఆంప్ ఒక్కడి వల్ల అవుతుందా?

స్టేజీ: కాదండీ, ర్యాక్‌తో సహా లేపాలి. నేనొస్తా.