డాన్స్ ప్రోగ్రామ్ రోజు చిన్నపిల్లలకి మధ్యాహ్నమే మేకప్ వేసేయాలా?

బైరాగిపట్టెడ అమ్మ:
మా పాపకి ఆరేళ్ళు, కూచిపూడి నేర్చుకుంటా ఉంది. మొన్న ఆదివారం వాళ్ళ డాన్స్ స్కూల్ వార్షికోత్సవం ఇక్కడే తిరుపతిలో ఒక హాల్లో జరిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకే రమ్మన్నారు. రెండుకల్లా సవరం పెట్టి జడ బిగించి, రాకొడి, సూర్యచంద్రులు, వడ్డాణం అన్నీ కట్టేశారు. స్టేజి ఎక్కింది రాత్రి తొమ్మిదికి. అంతసేపు తల్లుల్ని గ్రీన్‌రూమ్‌లోకి రానీలేదు, ఏం తిన్నావే అంటే రెండు బిస్కెట్లు అంటుంది. ఇంత ముందు ఎందుకు వేయాలి మేకప్?

తెరవెనక:
అక్కా, నేను ఇంకో స్కూల్లో ఏళ్ళ తరబడి గ్రీన్‌రూమ్ చూసుకుంటా ఉన్నా, లోపల సంగతి చెప్తా వినండి. మేకప్‌కి నలుగురు వస్తారు, పిల్లలు నలభై మంది. ముఖానికి పాన్‌కేక్ మేకప్, కళ్ళు, జడ, నగలు అన్నీ కలిపి ఒక్కో పిల్లకి అరగంట తక్కువ కాదు. ఒంటిగంటకి మొదలుపెడితే ఆరవుతుంది. అందులో చిన్నపిల్లల జుట్టు పల్చగా జారిపోతా ఉంటుంది, సవరం నిలవదు, నల్లదారంతో చుట్టి చుట్టి పిన్నులు గుచ్చాలి. ఇంక తల్లుల్ని లోపలికి వదిలితే ప్రతి ఒక్కరూ మా పాపకి లిప్‌స్టిక్ సరిపోలేదు, మా పాప నెత్తిచుట్టి వంకర పోయింది అని మేకప్ వాళ్ళ చెయ్యి పట్టుకుంటారు.

జతిస్వరం:
తిండి సంగతి మాత్రం తప్పే. ఇడ్లీ చిన్న ముక్కలు చేసి నోట్లో పెడితే లిప్‌స్టిక్ కూడా చెదరదు.

తెరవెనక:
కాస్ట్యూమ్ అద్దెది. పెరుగు పడినా చట్నీ పడినా డబ్బులు కట్టేది మేము. నీళ్ళు ఎక్కువ తాగితే బాత్‌రూమ్‌కి పోవాలి, కుట్టిన కాస్ట్యూమ్ హుక్కులు విప్పి మళ్ళీ వేయడానికి ఇద్దరు కావాలి, పారాణి తడిగా ఉంటే అంచుకి ఎర్రగా అంటుతుంది. ఇవన్నీ బయట కూర్చున్నోళ్ళకి తెలీదు.

బైరాగిపట్టెడ అమ్మ:
అంటే బట్టకి మరక పడకూడదని పిల్లకి నీళ్ళు ఇవ్వరా?

తెరవెనక:
ఇవ్వమని ఎవరన్నారు? స్ట్రా వేసి ఇస్తాం. నేను ఒకటి చెప్తే మీరు ఇంకొకటి పట్టుకుంటా ఉన్నారు.

చిత్తూరోడు:
సినిమాల్లో సీరియల్స్‌లో చేసే పిల్లలకే రోజుకి ఐదు గంటలు మించకూడదు, మధ్యలో రెస్ట్ లేకుండా మూడు గంటలు దాటకూడదు అని 2017లో బాలకార్మిక చట్టం రూల్స్‌లో చేర్చారు. ఇక్కడ ఏడు గంటలు.

జతిస్వరం:
అది డబ్బులిచ్చి పని చేయించుకునే చోట అన్నా. ఇక్కడ మనమే ఫీజు కట్టి పంపిస్తా ఉన్నాం.

చిత్తూరోడు:
ఫీజు కడితే పిల్లకి కాళ్ళు నొప్పి పుట్టవా?

లీలామహల్ సర్కిల్:
మన గంగ జాతరలో పిల్లలకి బైరాగి వేషం, తోటి వేషం కట్టి ఎండలో తిప్పట్లేదా, ఎవరన్నా ఏమన్నా అంటున్నారా.

బైరాగిపట్టెడ అమ్మ:
అక్కడ పక్కన నేనుంటా. విసుగొస్తే ఇంటికి తీసుకొచ్చి నీళ్ళు పోస్తా. ఇక్కడ తలుపు మూసి మా పిల్లని లోపల పెట్టుకున్నారు.

కొర్లగుంట నాన్న:
ఒకటి అడుగుతా. చిన్నోళ్ళ ఐటమ్ తొమ్మిదికి అని తెలిసినప్పుడు ముందు పెద్దపిల్లలకి మేకప్ వేసి, చిన్నోళ్ళకి ఏడింటికి వేయొచ్చు కదా?

తెరవెనక:
చిన్నోళ్ళకి నగలు కట్టేదే పెద్దపిల్లలు. ఆ పని అయినాకే వాళ్ళు అద్దం ముందు కూర్చుంటారు.

కొర్లగుంట నాన్న:
సరే, అయితే ముందు రెడీ అయినోళ్ళని ముందే ఆడించండి. దీపం వెలిగించగానే చిన్నోళ్ళది పెడితే ఏడున్నరకి ఇంటికి పోతారు. చీఫ్ గెస్ట్ గంట లేటు, మధ్యలో శాలువాలు, ఉపన్యాసాలు, ఆయన ఉండగా ఎవర్ని చూపించాలో ముందే అనుకుని ఉంటారు. తిరుమలలో నాదనీరాజనం మండపం మీద చూడండి, టీవీలో లైవ్ పోతుంది కాబట్టి టైముకి మొదలవుతుంది. చిన్నోళ్ళని చివర పెట్టేది మేకప్ కోసం కాదు. వాళ్ళ అమ్మానాన్నలు, అవ్వాతాతలు లేచి పోకుండా ఉండాలని. పసిపిల్లల్ని ఎరగా పెట్టి హాలు నింపుకుంటా ఉన్నారు, ఆ మాట చెప్పండి ముందు.

తెరవెనక:
ఎరా? అవును సార్, అందుకే పెడతాం, చెప్తా వినండి. మా అమ్మాయి ఎనిమిదేళ్ళు నేర్చుకుని మొదటిసారి తరంగం చేసింది. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, తల మీద నీళ్ళ చెంబుతో. దానికోసం పాదం కింద తోలు ఊడి, పసుపు రాసుకుని ప్రాక్టీస్ చేసింది. ఆ సారి చిన్నపిల్లల ఐటమ్స్ ముందు పెట్టారు. మీలాంటోళ్ళందరూ పిల్లని దింపుకుని, ఫోటోలు తీసుకుని, మెమెంటో కూడా అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. మా పాప పళ్ళెం ఎక్కేసరికి హాల్లో ఖాళీ కుర్చీలు, సౌండ్ చూసుకునే ఆయన, మేము. మహతి ఆడిటోరియంలో పేరున్న డాన్సర్ వస్తే చివరిదాకా కూర్చుంటారు, పక్కింటి పిల్ల ఆడితే కూర్చోరా? మీ పాప ఆడే మూడు నిమిషాలే డాన్సా?

బైరాగిపట్టెడ అమ్మ:
మీ పాపకి జరిగింది వింటే నాకూ బాధగానే ఉంది. కానీ అది పెద్దోళ్ళ మర్యాద లేనితనం, దానికి మా ఆరేళ్ళ పిల్ల ఎందుకు కూర్చోవాలి అంతసేపు? స్టేజి మీదికి వచ్చేసరికి దాని కళ్ళు మూతలు పడతా ఉన్నాయి, పక్క పిల్ల చెయ్యి లాగితే గాని అడుగు వేయలేదు. గజ్జెలు విప్పేసరికి చీలమండ చుట్టూ పట్టీ అచ్చు ఎర్రగా పడి ఉంది. ఈ జన్మలో డాన్స్‌కి పోనంటా ఉంది ఇప్పుడు. దాన్ని మళ్ళీ పంపకపోతే రేపు తరంగం చేసే పిల్లలు మీకు ఎక్కడినుంచి వస్తారు?

జతిస్వరం:
మధ్యలో పెట్టండబ్బా. రెండు పెద్ద ఐటమ్స్, తర్వాత చిన్నోళ్ళు, ఎనిమిదిలోపు అయిపోవాలి. మెమెంటోలు చివర్లో స్టేజి మీదే ఇవ్వండి.

తెరవెనక:
మధ్యలో పెడితే మధ్యలో లేచిపోతారు. ఇంకోసారి చివర్లో ఇస్తామన్న మెమెంటోలు మా ఇంట్లో అట్టపెట్టెలో మిగిలిపోయి ఉన్నాయి, ఎవరూ వచ్చి తీసుకోలేదు. సరే, చిన్నోళ్ళది ముందు పెడితే మీరు చివరిదాకా ఉంటారా అక్కా?

బైరాగిపట్టెడ అమ్మ:
నేనుంటా. పాప నిద్రపోతే ఒళ్ళో వేసుకుని కూర్చుంటా. మిగతావాళ్ళ గురించి నేనెట్ల మాటివ్వను?

తెరవెనక:
అదే కదా. మీరొక్కరు ఉంటే హాలు నిండదు. పిల్లలకి సాయంత్రం నాలుగింటికి ఇడ్లీ పెట్టిస్తా, ఒక్కో వరసకి ఒక తల్లిని లోపలికి రానిస్తా, ఆ రెండిటికీ మా మాస్టారిని నేను ఒప్పిస్తా. ఐటమ్స్ వరస మార్చడానికి మాత్రం ఒప్పుకోను.

కొర్లగుంట నాన్న:
అయితే మా వాడిని ఈ ఏడాది ప్రోగ్రామ్‌కి పంపను. క్లాసుకి మాత్రమే పంపిస్తా.