అప్‌డేట్: వీఆర్ హెడ్‌సెట్ అమ్మలేదు

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఆటల కోసం కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్ పెట్టుకున్న పది నిమిషాలకే కడుపులో తిప్పుతోంది, అమ్మేయాలా అని గత నెల అడిగాను. అమ్మలేదు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

సగం తప్పు నాదే. నా కనుపాపల మధ్య దూరం 67 మిల్లీమీటర్లు. హెడ్‌సెట్ కటకాల మధ్య దూరం మాత్రం 58 దగ్గరే ఉండిపోయింది. వాటిని 68కి జరపగానే అక్షరాల చుట్టూ మసక పోయింది. నిలుచున్న చోటే ఆడే ఆటలు ఇప్పుడు గంటసేపు హాయిగా ఆడుతున్నాను. కారు ఆటల్లో మాత్రం మలుపు రాగానే మళ్లీ పాత కథే. కదులుతున్నామని కళ్లు అంటాయి, లేదని లోపలి చెవి అంటుంది. ఆ తగవు ఏ సెట్టింగూ తీర్చలేదు. (అల్లం మురబ్బా చిట్కా చెప్పినవారికి: రుచి బాగుంది, అంతే.)

అరకిలో బరువు ముఖం మీద వేలాడేది. పట్టీ వెనుక బ్యాటరీ కట్టాక, మొత్తం బరువు పెరిగినా, తేలికగా అనిపిస్తోంది.

ఎవరూ చెప్పనిది సీలింగ్ ఫ్యాను గురించి. ఆడేటప్పుడు దాటకూడదని నేల మీద హద్దు గీసుకుంటాం గానీ పైకప్పు సంగతి హెడ్‌సెట్‌కు తెలియదు. ఆటలో అమ్ములపొదిలోంచి బాణం తీయబోయి చెయ్యెత్తాను, టంగుమని రెక్క తగిలి చేతిలోని కంట్రోలర్ అంచు చిట్లింది. ఫ్యాను ఆపితే చెమటకు కటకాలకు ఆవిరి పడుతోంది. చివరికి టేబుల్ ఫ్యాను తెచ్చాను. గాలి తగిలే వైపును బట్టి గదిలో ఎటు తిరిగి ఉన్నానో కూడా తెలుస్తోంది!