2005 ఆక్టేవియా వీఆర్‌ఎస్: ముందు స్ప్రింగులు, స్ట్రట్‌లు ఏవి వేయించాలి?

బురుజు వీఆర్‌ఎస్, కర్నూలు:

అన్నలూ, నా దగ్గర 2005 స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ ఉంది, 1.8 టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్‌ది. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ కూడా చేయించాను, అమ్మే ఉద్దేశం లేదు. ఇంజన్‌కు ఢోకా లేదు, బాధంతా ముందు సస్పెన్షన్‌తోనే. నంద్యాల వైపు వంద మీద పోతుంటే ముక్కు లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది, కుదుటపడే లోపలే ఇంకో ఎత్తు వచ్చేస్తుంది. స్పీడ్ బ్రేకర్ ఎంత మెల్లగా దిగినా ఠంగుమని శబ్దం. కుడివైపు స్ట్రట్ (స్ప్రింగు మధ్యలో నిలబడే షాక్ అబ్జార్బర్) ఆయిల్ కారి దుమ్ము పట్టి ఉంది, ఎడమది పొడిగానే ఉంది.

మెకానిక్‌లను అడిగితే తలా ఒక మాట. ఒకాయన కారిన స్ట్రట్ ఒక్కటి మారిస్తే చాలంటాడు. ఇంకొకాయన స్క్రాప్‌లో డీజిల్ ఆక్టేవియా స్ప్రింగులు దొరుకుతాయి, గట్టిగా ఉంటాయి, అవి వేసేద్దాం అంటాడు. బెంగళూరులో ఉండే మా తమ్ముడేమో ఐబాక్ కంపెనీ పొట్టి స్ప్రింగులు వేసి బండి ఎత్తు 30 మిల్లీమీటర్లు దించమని ఒకటే పోరు. నేను ఎక్కువగా 44వ నంబరు హైవే మీద బెంగళూరు, అప్పుడప్పుడు నంద్యాల మీదుగా కడప పోతుంటాను, ఇంట్లోవాళ్లు కూడా ఎక్కుతారు. డబ్బు ఒకసారి పెట్టగలను, రెండోసారి నా వల్ల కాదు. ఏది వేయించమంటారు?

నల్లరేగడి, నంద్యాల:

అన్నా, ముక్కు ఊగడం స్ప్రింగు తప్పు కాదు, షాక్ పని అయిపోయింది. బరువు మోసేది స్ప్రింగు, ఊగుడు ఆపేది షాక్. షాక్ పాతదే ఉంచి గట్టి స్ప్రింగు వేశావంటే ఊగుడు ఆగదు, ఇంకా త్వరత్వరగా ఊగుతుంది, అంతే తేడా.

మన రోడ్ల సంగతి కూడా కలుపుకొని చూడు. ఇక్కడంతా నల్లరేగడి నేల, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలిస్తుంది, పైన తారు ఎంత బాగా వేసినా కింద నేల కదిలిన చోట రోడ్డు అలలు తేలుతుంది. గుంత అంటూ కనపడదు, పొడుగాటి ఎత్తుపల్లాలు. గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. అలలు 20 మీటర్లకొకటి ఉన్నాయనుకో, సెకనుకు 1.4 సార్లు కింద నుంచి తోపు పడుతుంది. కారు బాడీ స్ప్రింగుల మీద తనంతట తాను ఊగే వేగం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి, ఊయలను సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడే తోసినట్టు ప్రతి అల ఊగుడును పెంచుతూ పోతుంది. దీనికి కావలసింది రీబౌండ్ బలంగా ఉన్న షాక్, అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఉంచేది.

నన్నడిగితే స్ప్రింగు కంపెనీ ఎత్తుదే వేసి, షాక్ మాత్రం బిల్‌స్టీన్ బీ6 తీసుకో. అది మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టంది, గ్యాస్‌కూ ఆయిల్‌కూ మధ్య అడ్డుపిస్టన్ ఉంటుంది కాబట్టి ఆయిల్ నురగ కట్టదు. బీ4 చవక, మెత్తగా ఉంటుంది, కంపెనీ షాక్ బదులు వేసుకునేది. ఊళ్లో తిరగడానికైతే అదీ చాలు. కోని ఎల్లో అనే షాక్‌లో రీబౌండ్‌ను తిప్పి మార్చుకోవచ్చు గానీ, సెట్టింగులతో ఆడుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది.

ఘాట్ రోడ్ గాడు, కడప:

అందరూ పెద్దమనుషుల మాటలే చెప్తారు. వీఆర్‌ఎస్ కొన్నది సోఫాలో కూర్చున్నట్టు పోవడానికా బ్రో? నాదీ అదే ప్లాట్‌ఫామ్ (కింది నిర్మాణం) బండి, ఎత్తు దించే ఐబాక్ ప్రో కిట్ స్ప్రింగులు వేయించాను. రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే బండి ఒరగనే ఒరగదు, స్టీరింగు ఇలా తిప్పితే ముక్కు అలా తిరుగుతుంది. ఒక్కసారి నడిపితే మళ్లీ కంపెనీ స్ప్రింగు వైపు చూడవు.

కాకపోతే దించే స్ప్రింగులకు బీ6 కాదు, బీ8 తీసుకోవాలి, అది పొట్టిగా చేసిన షాక్. కంపెనీ షాక్ మీదే దించితే రాడ్ ఎప్పుడూ లోపలికే దిగి ఉంటుంది, చిన్న గతుకుకే బంప్ స్టాప్ (చివర్లో దెబ్బ ఆపే రబ్బరు) మీద కూర్చుంటుంది, కొత్త షాక్ కూడా త్వరగా పోతుంది. ఇంకా, ముందువి మాత్రమే మార్చవద్దు, నాలుగూ మార్చు. ముందు ఒక్కటే గట్టిపడితే మలుపులో ముక్కు బయటికి జారుతుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు తిరిగే ఊళ్లలో కొన్ని బ్రేకర్లు మాత్రం ఏటవాలుగా దిగాల్సిందే, అది ఒప్పుకుంటా.

నల్లరేగడి, నంద్యాల:

ఒరగకపోవడం గట్టి స్ప్రింగు పుణ్యం తమ్ముడూ, దించడం వల్ల వచ్చింది కాదు. మన బండ్లలాంటి మెక్‌ఫెర్సన్ స్ట్రట్ బండిని దించేకొద్దీ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి) బయటి చివర పైకి లేస్తుంది, దాంతో రోల్ సెంటర్, అంటే బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి పడిపోతుంది, అంటే ఒరిగించే బలానికి ఇంకాస్త పట్టు దొరుకుతుంది. ఆ నష్టాన్ని పూడ్చగా మిగిలిందే నీకు ఘాట్‌లో కనిపిస్తోంది. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని పోయే ఆయనకు ఇది ఎందుకు చెప్పు?

పానా పట్టినోడు, అనంతపురం:

సామీ, స్కోడా, వోక్స్‌వ్యాగన్ పాత బండ్లే నా పని. ఏ స్ప్రింగు అని ఎవరినీ అడగకుండా డిక్కీలో స్టెప్నీ గుంత దగ్గర అంటించిన కాగితం స్టిక్కర్ చూడు, అదే సర్వీసు బుక్కులోనూ ఉంటుంది. అందులో 0జే, దాని తర్వాత ఇంకో అక్షరం ఉన్న కోడ్ దొరుకుతుంది. నీ బండి ముందు యాక్సిల్ బరువు తరగతి అది, స్ప్రింగు దాన్ని బట్టే తెప్పించాలి. ఇంజన్‌ను బట్టి, సామాన్లను బట్టి ఇది మారుతుంది కాబట్టే డీజిల్ స్ప్రింగు వద్దంటాను. స్కోడా లారా కారువి అసలే వద్దు, అది వేరే ప్లాట్‌ఫామ్. పైగా స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13ది పడితే, మిగతా కొలతలు అవే అయినా, దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. స్క్రాప్ షాపులో చేత్తో పట్టుకొని చూస్తే ఈ తేడా ఎవరికి తెలుస్తుంది? స్ప్రింగు ఒక చుట్టు కోసి దించుతామనేవాళ్లు కూడా తగులుతారు, అక్కడి నుంచి బండి తీసుకొని వచ్చేయ్.

కారింది ఒకటే అయినా రెండూ మార్చాలి, అందులో మాటే లేదు. వాటితో పాటు టాప్ మౌంట్ (స్ట్రట్ పై చివరను బాడీకి పట్టి ఉంచేది), దాని బేరింగు, బంప్ స్టాప్, డస్ట్ బూట్ (దుమ్ము పడకుండా రాడ్‌కు తొడుగు) కొత్తవి. బండి నిలబెట్టి ఒకరు స్టీరింగు తిప్పుతుంటే నువ్వు స్ప్రింగు మీద చెయ్యి పెట్టు, అది ఆగి ఆగి గిట్టుమని తిరిగితే బేరింగు పోయినట్టే. ఇంకో పని, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు వైపులా కొలువు. నేల నుంచి కొలవవద్దు, టైరులో గాలి తేడా ఉంటే లెక్క తప్పుతుంది.

బురుజు వీఆర్‌ఎస్, కర్నూలు:

కొలిచానన్నా. కుడివైపు ఒక వేలి మందం తక్కువ ఉంది. టార్చి వేసి చూస్తే స్ప్రింగు కింది చుట్టు చివర విరిగి కప్పులో పడి ఉంది! ఠంగుమనేది అదేనేమో. ఇన్నాళ్లూ ఒక్కరూ వంగి చూడలేదు. స్టిక్కర్ దొరికింది, కోడ్ ఫొటో తీసి పెట్టుకున్నా. కంపెనీ ఎత్తు స్ప్రింగులు జతగా, బీ6 జతగా ఇప్పుడు ముందుకు, వెనుకవి తర్వాత చూద్దామనుకుంటున్నా. తమ్ముడికి నచ్చదు, బండి వాడిది కాదు కదా.

పానా పట్టినోడు, అనంతపురం:

అయితే విరిగినదానితో హైవే ఎక్కవద్దు, ఆ కొన టైరును కోసిందంటే ప్రమాదం. వెనుకవి మరీ ఆలస్యం చేయవద్దు, కనీసం కారుతున్నాయేమో ఇప్పుడే చూపించు. బిగించేటప్పుడు దగ్గర నిలబడు. ఈ బండిలో స్ట్రట్ నేరుగా చక్రం హబ్ పట్టుకునే పోత లోహపు ముక్కలో దిగుతుంది, దాని చీలికను తెరవడానికి స్ప్రెడర్ బిట్ అని ప్రత్యేకంగా ఉంటుంది. ఉలి పెట్టి సుత్తితో కొడతానంటే పనే వద్దను, ఆ పోత పగిలితే స్ట్రట్‌ల కన్నా పెద్ద ఖర్చు. పైన నట్లు, కింద బోల్టు కొత్తవే వేయించు. లోయర్ ఆర్మ్ బుష్షులు, లింక్ రాడ్లు కూడా అప్పుడే చూపించుకుంటే, అలైన్‌మెంట్ ఒక్కసారితో సరిపోతుంది.