బడి వంట బిల్లు 4 నెలలుగా రాలేదు. ఒక్కో పిల్లకు ప్రభుత్వం అసలు ఎంత ఇస్తుంది?

చెరువుగట్టు:
మా చిన్నమ్మ ఊళ్లో ప్రైమరీ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. 40 మంది పిల్లలు, వండేది ఇద్దరు. 4 నెలల నుంచి బిల్లు లేదు, కిరాణా కొట్టులో ఖాతా 30 వేలు దాటింది, ఆయన ఇంక పప్పు ఇవ్వనంటున్నాడు. చిన్నమ్మ గొలుసు కుదువపెట్టి ఇన్నాళ్లు లాగింది. పోయిన వారం గుడ్డు ఆపేసేసరికి ఊళ్లో వాళ్లు ఆమెనే తిడుతున్నారు, పిల్లల గుడ్లు తినేసిందని. బియ్యం మాత్రం టైముకే వస్తున్నాయి. బియ్యం వచ్చినప్పుడు డబ్బులకేమైంది? ఎవరినడగాలి?

పాత హెచ్ఎం:
బియ్యం వేరు, డబ్బులు వేరు తమ్ముడూ. బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది, ప్రైమరీ పిల్లకు రోజుకు 100 గ్రాములు. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్‌కి ఇచ్చేది 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు, 6 నుంచి 8 తరగతులకైతే 10 రూపాయల 17 పైసలు. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా విడతల్లో వస్తుంది, రాష్ట్రం తన వాటా కలిపి వదలాలి, ఆ తర్వాత బిల్లు పాసవ్వాలి. ఎక్కడ ఆగినా మీ చిన్నమ్మ దాకా రాదు.

మీ 40 మందికి రోజుకు 271 రూపాయలు. లెక్క ప్రకారం పిల్లకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. టమాటా చవగ్గా ఉన్న నెలలో ఎలాగో గట్టెక్కుతుంది. గుడ్డు ఈ 6.78లో లేదు, దాని డబ్బు రాష్ట్రం విడిగా ఇస్తుంది, బజార్లో రేటు పెరిగితే తేడా వండేవాళ్ల మీదే పడుతుంది. అంటే నిజానికి ప్రభుత్వానికి అప్పిస్తున్నది మీ చిన్నమ్మ, అదీ వడ్డీ లేకుండా.

నిజంచెప్తా:
ఈ తలనొప్పంతా ఎందుకు? ఆ డబ్బేదో తల్లుల ఖాతాలో వేస్తే సరిపోతుంది కదా. లేదా పెద్ద వంటశాలలో వండి బళ్లకు పంపే అక్షయపాత్ర లాంటి సంస్థలకు ఇచ్చేయండి, శుభ్రంగా వండి పంపిస్తారు.

పాత హెచ్ఎం:
2003కి ముందు మేం చేసింది దాదాపు అదే బాబూ. హాజరు 80 శాతం ఉన్న పిల్లకు నెలకు 3 కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్లం. అవి ఇంటిల్లిపాదీ తినేవాళ్లు, పిల్ల మధ్యాహ్నం ఖాళీ కడుపుతోనే కూర్చునేది. 2001 నవంబర్లో సుప్రీంకోర్టు వండి పెట్టాల్సిందే అన్నాక, 2003 జనవరి నుంచి మన దగ్గర వంట మొదలైంది. ఇక అక్షయపాత్ర వాళ్లు గుడ్డు వండరు, మారుమూల ఊళ్లకు వ్యాన్ వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది కూడా.

గోదారమ్మాయి:
మాది ఆంధ్ర, టీచర్ని. ఇక్కడ అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు ఈ పథకానికి. పేరు సంగతి అలా ఉంచండి, గుడ్లు వారానికి 5, చిక్కీ కూడా, కాంట్రాక్టరే బడికి తెచ్చి దింపుతాడు. అందుకే బిల్లు ఆలస్యమైనా గుడ్డు ఆగదు. పప్పు, కూరగాయల విషయంలో మాత్రం మా వంటామె కూడా కొట్టు ఖాతా మీదే బతుకుతుంది. నెలకు 3 వేల గౌరవ వేతనం, అందులో కేంద్రం ఇచ్చేది 600.

చెరువుగట్టు గారూ, ఒకటి చేయండి. 2015 నాటి మధ్యాహ్న భోజన నిబంధనల్లో ఉంది: భోజనం డబ్బు అయిపోతే బడిలో ఉన్న వేరే నిధులు తాత్కాలికంగా వాడుకోవచ్చు, బిల్లు వచ్చాక సర్దుకోవచ్చు. డబ్బు లేకో గ్యాస్ లేకో ఆ రోజు భోజనమే పెట్టకపోతే పిల్లలకు ఆహార భద్రత భత్యం ఇవ్వాలి, తర్వాతి నెల 15లోపు. హెచ్ఎం గారిని ఇది రాతపూర్వకంగా అడగమనండి, కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు, అంతే.

చెరువుగట్టు:
థ్యాంక్స్ మేడమ్, సార్. బడి నిధి వాడొచ్చని మా హెచ్ఎంకి తెలిసినట్టు లేదు, రేపు కాగితం రాసిస్తాం. రోజుకు 271 అని చెప్తే మా చిన్నమ్మ నమ్మలేదు, ఇన్నేళ్లు వండుతూ ఎవరూ లెక్క చెప్పలేదట. కొట్టాయన పప్పు ఇంకో 15 రోజులు ఇస్తానన్నాడు, గుడ్లు మాత్రం నగదుకే అంటున్నాడు.